సున్నా డిగ్రీల వాలుబల్ల

కొత్తలంకపేట మున్సిపల్ ఆఫీసు హాల్లో గ్రానైటు పరిచిన మొదటిరోజునే ప్రాంతీయ డైరెక్టరుగారు జారిపడ్డారు. పడ్డం కూడా మామూలుగా పడలేదు. రిబ్బను కత్తిరించి, చప్పట్ల మధ్య లోపలికి రెండడుగులు వేసి, మూడో అడుగు వేసే శ్రమ లేకుండానే తన పేరు చెక్కిన శిలాఫలకం కిందికి కత్తెరతో సహా వెళ్ళి చేరుకున్నారు. ఫొటోగ్రాఫర్లు వాళ్ళ పని వాళ్ళు చేసుకున్నారు. మర్నాడు పేపర్లో రిబ్బను బొమ్మ మాత్రం రాలేదు.

వారం తిరక్కుండా ముగ్గురు సభ్యుల విచారణ సంఘం కూర్చుంది. గ్రానైటుది తప్పంటే దాన్ని ప్రారంభించిన డైరెక్టరుగారిది తప్పవుతుంది. అంతమాట అనడానికి సంఘంలో ఎవరికీ ఇంకా సర్వీసు పూర్తి కాలేదు. అంచేత ఎనభై పేజీల నివేదికలో తేలిందేమిటయ్యా అంటే, నేల నిర్దోషి, లోపమంతా ఆ నేల మీద నడిచేవాళ్ళ పాదరక్షల్లో ఉంది. ఆ వెంటనే సర్క్యులర్ వచ్చింది. "కార్యాలయమున ప్రవేశించు ప్రతి వ్యక్తి పాదరక్షలకును, కార్యాలయపు నేలకును మధ్య స్థైతిక ఘర్షణ గుణకము సున్నా పాయింట్ అయిదుకు తగ్గరాదు. తగ్గిన వ్యక్తులను తక్షణమే వెలుపలికి పంపవలెను."

ఈ ఘర్షణ గుణకం ఏమిటో మున్సిపాలిటీలో ఎవరికీ తెలీదు. కమిషనరుగారు మేనేజరు కామేశంగారిని అడిగారు. కామేశంగారు టౌన్ ప్లానింగ్ వాళ్ళని అడిగారు. వాళ్ళు శానిటేషన్ వాళ్ళ మీదికి తోశారు. చివరికి ఎవరో పుణ్యాత్ముడు, ఊళ్ళో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉందని, అందులో ఫిజిక్స్ చెప్పే లెక్చరరు ఒక్కడంటే ఒక్కడున్నాడని జ్ఞాపకం చేశాడు. ఒక్కడే ఉన్నవాణ్ణి పట్టుకుపోవడం ప్రభుత్వానికి మహా సుళువు. ఎవర్ని పట్టుకుపోవాలన్న తగాదా ఉండదు కదా.

ఆ ఒక్కడూ మార్తాండరావు. డెప్యుటేషన్ ఉత్తర్వు వచ్చేసరికి అతను ఫస్టియర్ ఎంపీసీ క్లాసులో బోర్డు ముందున్నాడు. ఎదురుగా నలభై రెండు మంది పిల్లలు. పాఠం, ఏం కర్మమో, ఘర్షణే. "రెండు తలాలు ఒకదాన్నొకటి తాకి ఉన్నప్పుడు, కదలిక మొదలు కాబోయే ఆ క్షణంలో..." అని అక్కడ ఊపిరి పీల్చుకుంటున్నాడు. గుమ్మంలో ప్రిన్సిపాలు సుగుణాదేవిగారు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"పదిరోజులేనంటండి, మార్తాండరావుగారూ."

"పోయినేడు ఓటర్ల జాబితాకీ పదిరోజులే అన్నారండి మేడమ్. మూడు నెలలు ఉంచేశారు. తిరిగొచ్చేసరికి పరీక్షలు. పంతొమ్మిది మంది ఫిజిక్సులో పోయారు. ఇప్పుడు డిసెంబరు. మార్చిలో పరీక్షలు. సగం పాఠాలు అలాగే ఉన్నాయి."

"నాకు తెలీదాండీ. మిమ్మల్ని పంపకపోతే నాకు మెమో వస్తుంది."

మొదటి బెంచీలో కూర్చునే లోవలక్ష్మి నోటు పుస్తకం మీద కలం ఆపి చూస్తోంది. "ఆ క్షణంలో ఏమవుద్దండి మాస్టారూ?" అని అడిగింది.

"వచ్చాక చెప్తానమ్మా," అన్నాడు మార్తాండరావు. అన్నాడేగానీ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూశాడు. ఈ పిల్లల్లో ట్యూషన్‌కి వెళ్ళేవాడు ఒక్కడు లేడు. తను చెబితే ఫిజిక్సు, చెప్పకపోతే లేదు. పరీక్షల్లోపు ఎలాగైనా ఈ గదిలోకి తిరిగి రావాలి. ఆ రోజు నుంచి అతనికి వేరే ఆలోచన లేదు.

కమిషనరుగారు కుర్చీలో కూర్చుని, సర్క్యులర్లు ఏ భాషలో ఉంటాయో ఆ భాషలోనే మాట్లాడతారు. "ప్రజాహితము దృష్ట్యా మీ సేవలు అత్యవసరమైనవి. విధానము వివరింపుడు," అన్నారు.

మార్తాండరావు కాగితం మీద బొమ్మ గీశాడు. "ఏం లేదు సార్. బల్ల మీద వస్తువు పెట్టి, బల్లని ఒక పక్క నెమ్మదిగా ఎత్తుతాం. ఎత్తగా ఎత్తగా ఎక్కడో ఒకచోట వస్తువు జారడం మొదలెడుతుంది. ఆ కోణం కొలిచి, టేబుల్స్‌లో దాని టాన్ చూస్తే అదే గుణకం. ఇరవై ఆరున్నర డిగ్రీలు దాటేదాకా జారకపోతే మీరు చెప్పిన సున్నా పాయింట్ అయిదు వచ్చేసినట్టే."

"బరువును బట్టి మారునా?"

"మారదు సార్. బక్కవాడికైనా బండవాడికైనా ఒకటే."

కమిషనరుగారి కళ్ళు చెమర్చాయి. "అనగా ఈ బల్ల యెదుట పౌరులందరూ సమానులు. కామేశంగారూ, ఈ వాక్యము పత్రికలకు పంపుడు."

"కానీ సార్, గుణకం అనేది ఒక్క చెప్పుకి ఉండదు. చెప్పుకీ నేలకీ కలిపి ఉంటుంది. నేలని కాస్త గరుకు చేయిస్తే..."

కమిషనరుగారు చూపుడువేలు ఎత్తారు. "నేలను గూర్చి విచారణ సంఘము అభిప్రాయము వెలిబుచ్చినది. నేల అధ్యాయము ముగిసినది."

గది తుడుస్తున్న అటెండరు నూకరత్నం వంచిన నడుము ఎత్తకుండానే, "నాలుగు గోనెసంచులు పరిసేత్తే పోద్ది గదండి," అంది. ఆవిడ ముప్పయ్యేళ్ళుగా ఉత్త కాళ్ళతో ఆ ఆఫీసంతా తిరుగుతోంది, గ్రానైటు పరిచాక కూడా ఒక్కనాడు జారింది లేదు.

"అది సాంకేతిక అభిప్రాయము కాదమ్మా," అన్నారు కమిషనరుగారు దయగా.

చెప్పుని బల్ల మీద పెట్టి, దాని మీద ఇటుక పెట్టి కొలిస్తే చాలని మార్తాండరావు అన్నాడు. దానికి కామేశంగారు ఒప్పుకోలేదు. కామేశంగారికి ప్రొఫార్మాలో గడి ఉంటే ప్రపంచంలో ఆ వస్తువు ఉన్నట్టు, గడి లేకపోతే లేనట్టు. "మనిషి స్వయంగా హాజరవ్వాలండి. చెప్పుకి మాత్రమే సర్టిఫికెట్ ఇచ్చామనుకోండి, రేపు చెప్పొక్కటే లోపలికొచ్చి కూర్చుంటుంది. దాన్నేం చేస్తాం?" అన్నారు. దీనికి ఫిజిక్సులో జవాబు లేదు.

అలా గేటు దగ్గర వాలుబల్ల వెలిసింది. తలుపంత బల్ల, దాని మీద హాల్లో మిగిలిన గ్రానైటు పలక, కింద లారీ జాకీ, పక్కన దూలానికి కట్టిన కోణమాని, జారిన పౌరుడు పడ్డానికి ప్రభుత్వాసుపత్రి నుంచి తెచ్చిన పరుపు. పనున్న ప్రతివాడూ బల్లెక్కి నిలబడాలి. జాకీ తిప్పుతారు. ఇరవై ఆరున్నర దాటితే దరఖాస్తు మీద "జారలేదు" అని ముద్ర. ముందే పరుపు మీదకొస్తే "జారెను" అని ముద్ర. నీళ్ళ కుళాయి కోసం వచ్చిన రిటైర్డు తాసీల్దారుగారు గొడుగు తెరిచి పట్టుకుని మరీ పద్నాలుగు దగ్గర జారారు. నూకరత్నం చీపురుతో సహా నలభై దగ్గర కూడా రాయిలా నిలబడింది. కామేశంగారు ఆమెని ఫెయిల్ చేశారు. పాదరక్షల గడి ఖాళీగా ఉందట, ఖాళీ గడులున్న దరఖాస్తు చెల్లదట. ఆనాటి నుంచి నూకరత్నం గేటు బయట మాత్రమే ఊడుస్తోంది.

ఊరు ఊరుకుంటుందా? గేటు పక్కన అరటిపళ్ళమ్మే బంగారమ్మ దగ్గర ఒక జత టైరు చెప్పులున్నాయి. లారీ టైరు కోసి కుట్టినవి. అవి ముప్పై ఎనిమిది డిగ్రీల దాకా గ్రానైటుని వదలవు. ఈ సంగతి ఆవిడ తొలిరోజే కనిపెట్టింది. "పళ్ళు తీసుకోండి బాబూ, చెప్పులు ఊరికే ఇత్తాను," అనేది. హస్తం అరటిపళ్ళు కొన్నవాడు ఆ చెప్పులేసుకుని బల్లెక్కేవాడు, ముద్ర వేయించుకునేవాడు, చెప్పులు గోడ మీంచి బంగారమ్మకి విసిరేసి, తన పాత జోళ్ళతో లోపలికెళ్ళి గ్రానైటు మీద హాయిగా జారేవాడు. నెల తిరిగేసరికి కొత్తలంకపేట కొత్తలంకపేటంతా ఒకే జతలో ఆఫీసులోకి నడిచింది. రిజిస్టరులో పేజీల తరబడి ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది.

"పట్టణ ప్రజల సగటు ఘర్షణ సున్నా పాయింట్ నాలుగు నుండి సున్నా పాయింట్ ఏడు ఎనిమిదికి పెరిగినది," అని కమిషనరుగారు పత్రికలకి ప్రకటన ఇచ్చారు.

"ఇవన్నీ ఒకే చెప్పులు సార్," అన్నాడు మార్తాండరావు, ఉండబట్టలేక.

"చెప్పుల గుర్తింపు మన పరిధిలోనిది కాదు."

ప్రతి సోమవారం అతను కామేశంగారి బల్ల ముందు నిలబడి, తనని కాలేజీకి వదలమని అడిగేవాడు. కామేశంగారు ఫైలు తెరిచి చూపించేవారు. "మీకు బదులు మనిషిని చూపిస్తేగానీ వదల్లేమండి. మీలాంటి నిపుణుడు జిల్లాలో లేడని మేమే రాశాం కదా. లేడని రాసినవాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాం?"

సంక్రాంతి పోయింది, ఫిబ్రవరి వచ్చింది. ఒకరోజు బల్ల మీద లోవలక్ష్మి నిలబడి ఉంది. నివాస ధ్రువపత్రం కోసం వచ్చిందట. కాళ్ళకి బంగారమ్మ చెప్పులు, చేతిలో అరటిపళ్ళు.

"ఫిజిక్సు గంటలో ఏం చేస్తున్నారమ్మా?"

"పీటీ సారు కబడ్డీ ఆడిత్తన్నారండి. మేం గెలిచామండి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మాస్టారూ, ఆ క్షణంలో ఏమవుద్దో పుస్తకంలో చదివానండి. అర్థం కాలేదండి," అంది.

మార్తాండరావు చెప్పబోయేలోగా వెనక క్యూలో జనం అరిచారు. ముద్ర వేసి పంపేశాడు. ఆ పూట అన్నం సయించలేదు.

ఇంతలో పెద్ద ముహూర్తం వచ్చిపడింది. కొత్తలంకపేట ప్రయోగం విజయవంతమైందని, దానికి 'ఘర్షణ విభాగం' అని బోర్డు కట్టడానికి డైరెక్టరుగారు స్వయంగా వస్తున్నారని కబురు. కామేశంగారు ముందుజాగ్రత్తగా డైరెక్టరుగారు వేసుకునే రకం తోలు బూట్లు తెప్పించి, వేసుకుని, బల్లెక్కారు. పదకొండు డిగ్రీల దగ్గర నమస్కారం పెడుతున్న భంగిమలోనే పరుపు మీదికొచ్చేశారు.

కమిషనరుగారు తలుపులు మూయించారు. "డైరెక్టరుగారు రెండవ పర్యాయము జారుట రాష్ట్రమునకే శ్రేయస్కరము కాదు."

"ఆయన్ని బల్ల ఎక్కించకుండా పంపేద్దామండి," అన్నారు కామేశంగారు.

"పౌరులందరూ సమానులని పత్రికలలో వచ్చినది. కావున సవరణ ఒక్కటే మార్గము. ఇకపై కొలత తీయునపుడు ఎవరికైనను బల్లను సున్నా డిగ్రీల వద్దనే ఉంచవలెను."

మార్తాండరావు అడ్డుపడ్డాడు. "సార్, పడుకోబెట్టిన బల్ల మీద ఎవరూ జారరు."

"అదియే కదా మన లక్ష్యము," అన్నారు కమిషనరుగారు.

డైరెక్టరుగారు వచ్చారు, బల్లెక్కారు. జాకీ దగ్గర ఇద్దరు మనుషులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఏమీ చెయ్యకుండా నిలబడ్డారు. అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాలు. డైరెక్టరుగారు జారలేదు. చప్పట్లు మోగాయి. ఆయన జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకుని, "ఈసారి నిలబడ్డానయ్యా," అన్నారు. ఆ ఉత్సాహంలో కమిషనరుగారు ఎక్కారు, కామేశంగారు ఎక్కారు, అరవై మూడు మంది సిబ్బందీ వరసగా ఎక్కి, ఫొటో తీయించుకుని దిగారు. ఒక్క మనిషి జారలేదు. నూటికి నూరుశాతం.

తర్వాత రిజిస్టరు రాయాల్సి వచ్చింది. నాలుగో గడిలో కోణం, అయిదో గడిలో ఆ కోణానికి టాన్. కామేశంగారు టేబుల్స్ పుస్తకం తెరిచి, వేలు పెట్టి వెతికి, సున్నాకి టాన్ సున్నా అని కనిపెట్టారు.

"అలా రాయకూడదండి," అన్నాడు మార్తాండరావు. "జారితే కదా కోణం తెలిసేది? ఇక్కడ జారనేలేదు. గుణకం ఎంతో మనకి తెలియదు, అంతే. తెలియదు అని రాద్దాం."

"తెలియదు అనడానికి గడి లేదండి," అన్నారు కామేశంగారు. డైరెక్టరుగారి పేరుకెదురుగా సున్నా, కమిషనరుగారికి సున్నా, తనకి సున్నా, అరవై మూడు మందికీ అరవై మూడు సున్నాలు గుండ్రంగా చుట్టి, అడుగున సంతకం పెట్టి రాజధానికి పంపేశారు.

రాజధానిలో కాగితాలు చదివేవాళ్ళకి బల్ల కనపడదు, మనుషులు కనపడరు, అంకెలే కనపడతాయి. వారానికి అత్యవసర ఉత్తర్వు దిగింది. "మీ కార్యాలయమున ఘర్షణ సంపూర్ణముగా లోపించినట్లు తేలినది. సిబ్బంది ప్రాణములకు ముప్పు. తక్షణమే ఖాళీ చేసి, గరుకు నేల గల వేరొక ప్రభుత్వ భవనమునకు తరలవలెను."

కమిషనరుగారు ఉత్తర్వు చదివి, రాష్ట్రంలో సున్నా సాధించిన తొలి మున్సిపాలిటీ మనదేనని సిబ్బందిని అభినందించారు. ఆ తర్వాత గరుకు నేల కోసం ఊరంతా గాలించారు. ముప్పయ్యేళ్ళ కిందట సిమెంటు పోసి, ఆ తర్వాత మళ్ళీ ఎవరూ పట్టించుకోని నేల ఒక్కటే దొరికింది. అది ప్రభుత్వ జూనియర్ కాలేజీ.

బీరువాలు, ఫైళ్ళు, కుర్చీలు, లారీల మీద తరలాయి. వాలుబల్లకి ఫస్టియర్ ఎంపీసీ గది కేటాయించారు. పిల్లలు ఎక్కడికి పోతారని ప్రిన్సిపాలుగారు అడిగితే, వాళ్ళు కూడా అందులోనే సర్దుకుంటారని జవాబొచ్చింది. ఆ కబురు విన్న మార్తాండరావుకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. జాకీ భుజాన వేసుకుని తన గదిలోకి తనే వెళ్ళాడు. నలభై రెండు మందీ లేచి నిలబడ్డారు. అతను నేరుగా బోర్డు దగ్గరికెళ్ళి సుద్దముక్క అందుకోబోయాడు.

"ఆగండి," అన్నారు సుగుణాదేవిగారు గుమ్మంలోంచి. పాపం ఆవిడ ముఖం కూడా చిన్నబోయి ఉంది. "మీరింకా మున్సిపాలిటీ డెప్యుటేషన్‌లోనే ఉన్నారండి. నా హాజరుపట్టీలో మీ పేరు లేదు. మీరు పాఠం చెప్పినా, కాలేజీ సుద్దముక్క ముట్టుకున్నా ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఏమీ అనుకోకండి."

మార్తాండరావు తన బోర్డు ముందే స్టూలు వేసుకుని కూర్చుండిపోయాడు. హాజరుపట్టీ ఉండే స్టాఫ్ రూము అక్కడికి సరిగ్గా పదకొండు అడుగులు. పరీక్షలకి పద్దెనిమిది రోజులు. పిల్లలు అతన్ని చూస్తున్నారు, అతను పిల్లల్ని చూస్తున్నాడు, ఎవరూ మాట్లాడ్డానికి లేదు. జీవితంలో ఎప్పుడూ రానంత కోపం వచ్చింది అతనికి. ఆ కోపంలో చేతికందిన కాగితం చింపేద్దామని చూస్తే అది సర్క్యులరే. చింపబోతూ మొదటి వాక్యం ఇంకోసారి చదివాడు. మళ్ళీ చదివాడు. లేచి కామేశంగారి దగ్గరికి వెళ్ళాడు.

"ఇప్పుడీ కాలేజీ మన కార్యాలయం కదండి?"

"నిస్సందేహంగా."

"అయితే రోజూ పొద్దున్న ఈ నలభై రెండు మంది పిల్లలూ మన కార్యాలయంలో ప్రవేశిస్తున్నట్టే కదండి? సర్క్యులర్‌లో ప్రతి వ్యక్తి అని ఉంది."

కామేశంగారి ముఖంలో రంగు మారింది. ఇంత పెద్ద ఉల్లంఘన తన కళ్ళ ముందే జరుగుతోందని ఆయనకి అప్పుడే తట్టింది. "వెంటనే కొలవండి. రోజూ కొలవండి."

"చాలా టైము పడుతుందండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని."

"పట్టనివ్వండి. తొందరపడి తప్పు కొలవకండి."

"బల్లని సున్నాకి తేవాలంటే ముందు పైకెత్తి, తర్వాత దించాలండి."

కామేశంగారు సవరణ తీసి చూశారు. ఎత్తకూడదని ఎక్కడా లేదు. "దించేటప్పుడు మాత్రం సున్నాకే దించండి," అన్నారు.

మర్నాడు పొద్దున్నే గది తలుపు మీద "కొలత జరుగుచున్నది" అని కాగితం అంటించారు. పాత ఆఫీసుకి కాపలా పెట్టిన నూకరత్నం అటు వెళ్తూ కిటికీ దగ్గర ఆగి, కొంగులోంచి ముగ్గురాయి ముక్క తీసి ఇచ్చింది. "సుద్దముక్క కాదు గదండి ఇది. రాసుకోండి." మార్తాండరావు బల్ల మీద చెక్కదిమ్మ పెట్టి, జాకీ తిప్పడానికి ఇద్దర్ని పిలిచాడు. అప్పుడు లోవలక్ష్మి లేచింది.

"'కదలిక మొదలు కాబోయే ఆ క్షణంలో' దగ్గర ఆపేశారండి మాస్టారూ."

అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ క్షణంలో, అమ్మా, ఘర్షణ తన బలమంతా పెట్టి వస్తువుని పట్టుకుని ఉంటుంది. అంతకంటే ఇంకొక్క పిసరు ఎక్కువ కూడా పట్టలేదు. అదే దాని హద్దు. చూడండి, దిమ్మ వైపే చూడండి," అన్నాడు. బల్ల లేచింది. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు. దిమ్మ జర్రున జారింది. నలభై రెండు మందీ ఒక్కసారి "అబ్బ" అన్నారు.

ఆ పద్దెనిమిది రోజుల్లో ఆ గదిలో గురుత్వం కొలిచారు, కంపనాలు కొలిచారు, ఉష్ణగతికశాస్త్రం మొత్తం కొలిచారు. వేడి కూడా ఘర్షణ వల్లే పుడుతుంది కనక అది విభాగం పరిధిలోదేనని మార్తాండరావు రిజిస్టరులో రాశాడు. కామేశంగారు సంతకం పెట్టారు. వరండాలో నడిచే ప్రిన్సిపాలుగారు ఆ గది దగ్గరికి రాగానే నడక నెమ్మది చేసి, ఆకాశం వైపు చూస్తూ వెళ్ళేవారు. సాయంత్రం నలభై రెండు మందికీ నలభై రెండు సున్నాలు వేసి, బల్లని సున్నాకి దించి, తలుపు మూసేవారు.

ఫిజిక్సు పరీక్ష ఏ రోజు అయిందో ఆ రోజే మధ్యాహ్నం కామేశంగారు మార్తాండరావు చేతికి కాగితం ఇచ్చారు. పాత హాల్లో వరసగా కొన్ని వారాలు ఒక్కరూ జారలేదట, సర్క్యులర్ ఫలించిందట, ఆఫీసు తిరిగి అక్కడికే వెళ్ళిపోతోందట. ఆ కొన్ని వారాలూ అక్కడ ఉన్నది అప్పడాలు ఆరబెట్టుకుంటున్న నూకరత్నం ఒక్కతే. ఆవిడ తొలిరోజే నాలుగు గోనెసంచులు పరిచేసింది. "మీ పదిరోజుల డెప్యుటేషను విజయవంతముగా ముగిసినందున మిమ్ములను విడుదల చేయడమైనది," అని ఉంది కాగితంలో. మార్తాండరావు పదకొండు అడుగులు నడిచి, ప్రిన్సిపాలుగారి పట్టీలో సంతకం పెట్టి, బయటికొచ్చాడు.

వరండాలో లోవలక్ష్మి ప్రశ్నాపత్రం పట్టుకుని ఎదురుచూస్తోంది. వెనకాల మిగతా అందరూ.

"వాలు తలం ప్రయోగం వచ్చిందండి మాస్టారూ. ఎనిమిది మార్కులదండి. అందరం రాసేశామండి. నేను చివర్న జాగ్రత్తలు కూడా రాశానండి."

"ఏం రాశావమ్మా?"

"బల్లని తప్పక వాల్చవలెను, వాల్చకపోతే అందరూ పాసవుతారు, ఎవరి సంగతీ తెలియదు, అని రాశానండి. దానికి మార్కులేస్తారాండి?"

మార్తాండరావు చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత పేపరు అందుకుని, మడిచి, ఆ పిల్ల చేతిలో పెట్టి, "దిద్దాల్సిన మాస్టారు డెప్యుటేషన్‌లో లేకపోతే తప్పకుండా వేస్తారమ్మా," అన్నాడు.